ఎందుకో చెప్పించిన గురువు



1916 మొదట్లో, ముప్పై ఆరేళ్ల వయసులో, అగ్రిప్పినా వగానొవా రంగస్థలానికి సెలవు చెప్పారు. అప్పటి రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మరీన్‌స్కీ థియేటర్‌లో దాదాపు పందొమ్మిదేళ్ల కొలువు ఆమెది. ప్రధాన నర్తకి అన్న హోదా అంతకు ముందు ఏడాదే దక్కింది. దక్కీ దక్కగానే పింఛను. ఆమె జీవితం అక్కడితో ఆగిపోయి ఉంటే, బ్యాలే చరిత్ర రాసేవాళ్లు ఆమెకు ఒక చిన్న పేరా ఇచ్చి ముందుకు వెళ్లిపోయేవాళ్లు. కానీ ఆమె ఇంకో ముప్పై అయిదేళ్లు బతికారు. ఆ ఏళ్లలో ఎక్కువ భాగం పిల్లలకు నేర్పుతూ గడిపారు. ఇవాళ రష్యాలోనే కాదు, యూరప్‌లో, అమెరికాలో, జపాన్‌లో బ్యాలే నేర్పే ఎందరో గురువులు ఆమె ఏర్పరచిన క్రమంలోనే పాఠం చెబుతున్నారు. ఆ నేర్పడం గురించి మీతో మాట్లాడాలని వచ్చాను.

మన దగ్గర నృత్యనాటికను కూడా బ్యాలే అనడం వాడుక. నేను చెప్పేది యూరప్ శాస్త్రీయ బ్యాలే. ఫ్రాన్స్ రాజాస్థానంలో దానికి నియమాలు ఏర్పడ్డాయి, రష్యా చక్రవర్తుల పోషణలో అది ఎదిగింది. కాళ్లను తుంటి దగ్గర నుంచే బయటికి తిప్పి నిలబడటం దాని పునాది. అరమండిలో కూర్చున్న కూచిపూడి పిల్లను చూసినవాళ్లకు ఈ తిప్పడం కొత్తగా అనిపించదు. మోకాళ్లు పక్కలకు తెరుచుకుంటాయి, వెన్ను నిటారుగా నిలుస్తుంది. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. మన నర్తకి ఆ భంగిమలో ఉండి పాదంతో నేలను పలికిస్తుంది. బ్యాలే నర్తకి ఆ వంగడంలోంచి పైకి లేస్తుంది, మునివేళ్ల కొస మీదకు వెళుతుంది, గాలిలోకి ఎగురుతుంది. అదంతా శ్రమ లేకుండా జరిగిపోతున్నట్టు కనిపించాలి. అలా కనిపించడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. పదేళ్ల పిల్ల బడిలో చేరితే పద్దెనిమిదేళ్లకు బయటికి వస్తుంది.

వగానొవా 1879లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. తండ్రి అర్మేనియా మూలాలున్నవాడు. మరీన్‌స్కీ థియేటర్‌లోనే, ప్రేక్షకులకు వాళ్ల సీట్లు చూపించే చిన్న ఉద్యోగం చేసేవాడు. కూతురు ఆ థియేటర్‌కు నర్తకులను పంపే ప్రభుత్వ నాట్యపాఠశాలలో చేరింది. 1738లో ఫ్రాన్స్ దేశపు నాట్యాచార్యుడు జాఁ బతీస్త్ లాందే ఆధ్వర్యంలో మొదలైన బడి అది. ఆమెకు నేర్పినవాళ్లు సామాన్యులు కారు. స్వాన్ లేక్ బ్యాలేలో సరస్సు దృశ్యాలు కూర్చిన లెవ్ ఇవానొవ్, అప్పటికి మహానర్తకిగా పేరుపడ్డ ఎకతెరీనా వాజెమ్, స్వీడన్ నుంచి వచ్చి రష్యాలో స్థిరపడ్డ క్రిస్టియన్ యొహాన్సన్ వాళ్లలో ఉన్నారు. 1897లో చదువు ముగించి ఆమె థియేటర్‌లో చేరారు, బృంద నర్తకిగా.

అక్కడి నుంచి పైకి ఎక్కడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. అందగత్తె అని ఎవరూ అనలేదు. దృఢమైన పొట్టి దేహం. చేతుల్లో మార్దవం తక్కువ. ఎగిరితే మాత్రం చూసినవాళ్లు మరిచిపోలేరు. బ్యాలేలో వేరియేషన్ అని ఒకటి ఉంటుంది, ఒక నర్తకి ఒంటరిగా చేసే చిన్న క్లిష్టమైన నృత్తం. అది ఆమెకు ఇస్తే థియేటర్ చప్పట్లతో నిండేది. వేరియేషన్ల రాణి అన్న పేరు అలా వచ్చింది. అదే ఆమెకు అడ్డు కూడా అయింది. రెండు నిమిషాల నృత్తానికి పిలిచేవాళ్లు, కథానాయిక పాత్రకు పిలిచేవాళ్లు కారు. ఆ థియేటర్ బ్యాలేకు ఆనాటి సర్వాధికారి అయిన మారియుస్ పెతిపాకు ఆమె నృత్యం నచ్చలేదని ఆయన డైరీలే చెబుతాయి. అదే బడి నుంచి ఆమెకు రెండేళ్ల తర్వాత, 1899లో, అన్నా పావ్లొవా బయటికి వచ్చింది. ఆస్ట్రేలియా ప్రయాణంలో మన భరతనాట్యపు రుక్మిణీదేవికి పరిచయమై, మీ దేశపు నాట్యాన్నే వెతుక్కోమని ప్రోత్సహించిన పావ్లొవా ఆమే. సన్నని ఒళ్లు, దూదిలా కదిలే చేతులు. అలాంటి మనిషి పక్కన రోజూ సాధన చేస్తూ వగానొవా ఏమనుకునేవారో ఊహించడం కష్టం కాదు.

తాను ముందుకు కదలడం లేదన్న సంగతి ఆమెకు తెలుసు. దాన్ని ఆమె తర్వాత రాతలో దాచుకోలేదు. ఆ అసంతృప్తి తన మీదే కాదు, తనకు నేర్పిన తీరు మీద కూడా. అప్పటి గురువు చేసి చూపించేవాడు, పిల్ల చూసి చేసేది. సరిగా వస్తే సరే. రాకపోతే మళ్లీ చేయమనేవాళ్లు. ఎందుకు రాలేదన్నదానికి జవాబు దొరికేది కాదు. సహజంగా వచ్చే పిల్లలకు ఆ బోధన చాలు. రాని పిల్లకు అది గోడ.

సరిగ్గా ఆ రోజుల్లో పీటర్స్‌బర్గ్‌కు ఇటలీ వాళ్లు వచ్చారు. 1893లో పియెరీనా లెన్యానీ అనే ఇటలీ నర్తకి సిండరెల్లా బ్యాలేలో ఒక కాలి మునివేళ్ల మీద నిలబడి, రెండో కాలిని కొరడాలా విసురుతూ, ఉన్నచోటనే ముప్పై రెండు చుట్లు తిరిగింది. ఫూయెటే అంటారు దాన్ని. రెండేళ్ల తర్వాత స్వాన్ లేక్‌లోనూ అదే చేసింది. రష్యా నర్తకులు నిర్ఘాంతపోయారు. ఎన్రికో చెకెట్టి అనే ఇటలీ గురువు అక్కడే ఉండి బడిలో పాఠాలు చెబుతున్నాడు. వగానొవా తోటి నర్తకి ఓల్గా ప్రెయొబ్రజెన్‌స్కయా ఆయన దగ్గర సాధన చేసి బలం పుంజుకుంటుంటే వగానొవా పక్కనుండి గమనించారు. ఆ బలం ఎక్కడి నుంచి వస్తోంది? వెన్నులో ఏం మారింది? చెయ్యి ఏ క్షణంలో మూసుకుంటోంది?

ఆమె గమనించినది తర్వాత ఆమె పుస్తకంలో కనిపిస్తుంది. ఫ్రెంచి పద్ధతిలో సొగసు ఉంది, మెత్తదనం ఉంది, కానీ మోచేతులు వాలిపోతాయి, తిరగడంలో పట్టు ఉండదు. ఇటలీ పద్ధతిలో నిలకడ, వేగం, బలం ఉన్నాయి, కానీ చేతులు బిగుసుకుంటాయి, ఎగిరినప్పుడు కాళ్లు ముడుచుకుంటాయి. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె రెండింటినీ విడదీసి చూసి, ఏ అంశం ఏ పని చేస్తుందో తెలుసుకుని, రష్యా నర్తకుల ఒంటికి తగినట్టు తిరిగి కూర్చారు. ఇది ఒక్క రోజులో తట్టిన ఆలోచన కాదు. ముందు తన ఒంటి మీదే ప్రయోగం చేసుకున్నారు. ఫలితం రంగస్థలం మీద కనిపించేసరికి ఆమెకు ముప్పై దాటింది.

తన నాట్యంలో లోపాలున్నందువల్లే గొప్ప గురువైందని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. లోపాలున్న నర్తకులు వందలమంది ఉంటారు, వాళ్లంతా గురువులు కాలేదు. లోపాన్ని చూసి ఏడ్చేవాళ్లుంటారు, కప్పిపుచ్చేవాళ్లుంటారు. దాన్ని బల్ల మీద పెట్టి, కారణం దొరికేదాకా విప్పి చూసే ఓర్పు వేరే శక్తి. రంగస్థలం మీద రాణించే శక్తికి, దానికి చుట్టరికం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నేర్పడం అంటే నాట్యం చేయగా మిగిలిన కాలంలో చేసుకునే పని అన్న ఆలోచనను వగానొవా జీవితం పూర్తిగా కొట్టేస్తుంది.

పింఛను తీసుకున్న మరుసటి ఏడాది విప్లవం వచ్చింది. ఆ 1917లోనే భర్త చనిపోయాడు. ఇంట్లో కొడుకు, పోషించాల్సిన ఇతర పిల్లలు. ఆకలి, చలి. పొట్టకూటి కోసం సినిమా హాళ్లలో ప్రదర్శనల మధ్య నాట్యం చేయాల్సి వచ్చింది. బోధన మొదలైంది కూడా అవసరం కొద్దీనే. మొదట బయటి నాట్యశాలల్లో నేర్పారు. 1921లో, తాను చదువుకున్న బడిలోనే గురువుగా అడుగుపెట్టారు. ఆ బడి ఉండాలా వద్దా అన్న చర్చ అప్పుడు ఊళ్లో జోరుగా సాగుతోంది. జార్ చక్రవర్తి వినోదం కోసం పెరిగిన కళ కార్మికుల రాజ్యానికి ఎందుకని అడిగేవాళ్లున్నారు. విద్యాశాఖ చూసే లునచార్‌స్కీ లాంటివాళ్లు అడ్డుపడకపోతే ఏమయ్యేదో. మాటలతో వాదించడం వగానొవా పని కాదు. ఆమె నాలుగేళ్లు తలుపు వేసుకుని పిల్లలను తయారుచేశారు. 1925లో మరీనా సెమ్యోనొవా అనే పదహారేళ్ల పిల్ల బడి చివరి ప్రదర్శనలో నాట్యం చేసింది. పాత చక్రవర్తుల కాలంలో కూడా అంతటి ఒడుపు చూడలేదని పెద్దవాళ్లు అన్నారు. ఆ పిల్ల బృందంలో నిలబడనే లేదు, నేరుగా ప్రధాన పాత్రల్లోకి వెళ్లింది. బడి నిలవాలా వద్దా అన్నదానికి ఆ సాయంత్రం చాలావరకు సమాధానం దొరికింది.

ఇక ఆ గదిలోకి వెళదాం. అప్పట్లో లెనిన్‌గ్రాద్ అని పిలిచిన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రోస్సీ వీధి అని ఉంది. వెడల్పు 22 మీటర్లు, ఇరువైపులా భవనాల ఎత్తు 22 మీటర్లు, పొడవు 220 మీటర్లు. అంత కొలతతో కట్టిన వీధిలో ఉంది బడి. సాధన గదుల నేల చదునుగా ఉండదు, అద్దం వైపు కొంచెం వాలుగా ఉంటుంది. థియేటర్ వేదిక కూడా అలాగే వాలి ఉంటుంది కాబట్టి పిల్లలకు ఆ వాలు మొదటి నుంచీ అలవాటు కావాలి. పాదం జారకుండా చెక్క నేల మీద తోటలో వాడే నీళ్ల డబ్బాతో నీళ్లు చిలకరిస్తారు. గోడల వెంబడి నడుము ఎత్తున కర్ర ఉంటుంది, బార్ అంటారు. ఒక మూల పియానో. చిన్న పిల్లలు మొదట ఆ కర్రకు ఎదురుగా నిలబడి రెండు చేతులూ దాని మీద వేస్తారు. కొన్నాళ్లకు పక్కకు తిరిగి ఒక చెయ్యి మాత్రమే వేస్తారు. తర్వాత కర్ర వదిలి గది మధ్యకు వస్తారు. పాదం పూర్తిగా నేల మీద ఉండి చేసింది, తర్వాత మడమ ఎత్తి చేస్తారు, ఆ తర్వాతే మునివేళ్ల కొస. ఒక్క మెట్టు దాటడానికి వీల్లేదు. తొందరపెట్టిన పిల్ల కాలు విరుగుతుందన్నది ఈ క్రమానికి ఒక కారణం. ముందు నేర్చినదాని మీద తప్ప తర్వాతది నిలబడదన్నది అంతకంటే పెద్ద కారణం.

మొదటి పాఠం ప్లియే. అంటే మోకాళ్లు వంచడం, అంతే. చూసేవాళ్లకు అది నాట్యంలా కూడా అనిపించదు. వగానొవాకు సగం నాట్యం అందులోనే ఉంది. ప్లియే లేని నర్తకి నాట్యం ఎండిపోయి, మొరటుగా ఉంటుందని ఆమె నమ్మకం. కారణం చూడండి. మడమ నేలకు ఆనించి మోకాలు వంచితే పిక్క కింది స్నాయువు సాగుతుంది. ఎగరడానికి తోపు అక్కడి నుంచే వస్తుంది. దిగేటప్పుడు దెబ్బను మింగేదీ అదే. వంగడం కరుకుగా ఉన్న పిల్ల ఎంత ఎత్తు ఎగిరినా దభీమని దిగుతుంది, మోకాలు పోగొట్టుకుంటుంది.

రెండోది వెన్ను. నిలకడకు ఇరుసు వెన్నెముకే అన్నారు ఆమె. నడుము దగ్గర ఆ పట్టును పిల్ల లోపలి నుంచి కనిపెట్టాలి. ఒంటికాలి మీద ఎంతసేపు నిలిచినా, ఎన్ని చుట్లు తిరిగినా ఆ పట్టు సడలకూడదు. కాలిని మాత్రమే చూసుకుంటూ బిగించుకున్న పిల్ల ఊగిపోతుంది.

మూడోది చేతులు. ఇక్కడే ఆమె పాత గురువులతో పూర్తిగా విడిపోయారని నేను అనుకుంటాను. అప్పటిదాకా చేతులు సొగసుకోసం. కాళ్లు పని చేస్తుంటే చేతులు అందంగా ఉండాలి. వగానొవా చేతులకు పని ఇచ్చారు. తిరిగేటప్పుడు బయటికి తెరిచిన చెయ్యిని లోపలికి మూసుకోవడంతో ఒంటికి వేగం వస్తుంది. ఎగిరేటప్పుడు చేతులు సరైన క్షణంలో లేస్తే మొండెం వాటితోపాటు లేస్తుంది. చేతులు, తల, చూపు, భుజాల ఒంపు, కాలు అన్నీ ఒకే ఊపిరిలో కలవాలి. ఆ కలయికను ఆమె బార్ దగ్గర నుంచే, మొదటి ఏళ్ల నుంచే సాధన చేయించారు. అందుకే ఈనాటికీ ఆ బడి పిల్లను గుంపులో గుర్తుపట్టొచ్చు, కాళ్లను బట్టి కాదు, మెడ, భుజం, చెయ్యి కలిసి కదిలే తీరును బట్టి.

చెకెట్టి పద్ధతిలో ఏ వారం ఏ అభ్యాసాలో ముందే కట్టి ఉండేవి. సోమవారానికి సోమవారం పాఠం, మంగళవారానికి మంగళవారం పాఠం. అందులో క్రమశిక్షణ ఉంది, దాన్ని తక్కువ చేయను. వగానొవా మాత్రం పాఠం మార్చేవారు. అవే అడుగులు, కూర్పు వేరు. నిన్న అలవాటుగా చేసిన ఒళ్లు ఇవాళ ఆలోచించక తప్పదు. అంతకు మించి ఆమె ఇంకొకటి చేశారు, నన్ను ఎప్పటికీ ఆశ్చర్యపరిచేది అదే. పిల్లలచేత అడుగుల కూర్పులను కాగితం మీద రాయించేవారు. ఒక అడుగు తప్పితే మళ్లీ చేయమని ఊరుకోకుండా, ఎందుకు తప్పిందో చెప్పమనేవారు. భుజం ఆలస్యమైందా, మడమ ముందే లేచిందా, చూపు ఎటు పోయింది? పన్నెండు, పదిహేనేళ్ల పిల్లలు తమ ఒంటిలో జరిగినదానికి కారణం వెతికి మాటల్లో పెట్టాలి. తాను చిన్నప్పుడు అడిగి పొందలేని జవాబును ఆ పిల్లలచేతే చెప్పించారు. నోరు మాత్రం మెత్తనిది కాదు. ఆమె మాట సూటిగా, పదునుగా ఉండేదని శిష్యులందరూ చెప్పారు. అయినా ఆ గది నుంచి ఎవరూ పారిపోలేదు. గురువు కోపంలో కారణం ఉంటే పిల్లలు తట్టుకుంటారు.

ఈ బోధన ఫలితాన్ని చూడండి. సెమ్యోనొవా నాట్యంలో విశాలత, రాచఠీవి. 1928లో బయటికి వచ్చిన గలీనా ఉలానొవా మౌనంగా, లోపలికి చూస్తున్నట్టు నాట్యం చేసే మనిషి. ప్రొకోఫియెవ్ సంగీతంలో ఆమె వేసిన జూలియట్‌ను చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. 1931లో వచ్చిన నతాలియా దుదీన్‌స్కయా తిరుగుళ్లలో మెరుపు. 1937లో అల్లా షెలెస్త్, విషాద పాత్రల్లో దిట్ట. ఒకరి నకలు ఒకరు కాదు. ఒకే గది, ఒకే గురువు, అవే ప్లియేలు. పద్ధతి గట్టిదైతే పిల్లలంతా ఒకే మూసలో తయారవుతారని భయపడేవాళ్లకు ఈ నలుగురే జవాబు. ఒళ్లు కారణాలతో తయారైతే మనిషి స్వభావానికి చోటు దొరుకుతుంది. అనుకరణతో తయారైతే గురువు నీడ మిగులుతుంది.

ఈ బడికి కఠినమైన పార్శ్వం కూడా ఉంది, అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. చేరడానికి వచ్చిన పదేళ్ల పిల్లల తుంటి ఎంత తెరుచుకుంటుందో, పాదం వంపు ఎలా ఉందో, వెన్ను ఎంత వంగుతుందో చేతులతో పట్టి చూస్తారు. చాలామందిని తిప్పి పంపేస్తారు. చేరినవాళ్లలోనూ ఏటా పరీక్షలకు కొందరు రాలిపోతారు, ఒళ్లు ఎదిగిన తీరు నచ్చక కొందరు. పద్నాలుగేళ్ల పిల్లకు నీ ఒళ్లు దీనికి పనికిరాదని చెప్పే విద్య ఏదైనా తన లెక్క తాను చూసుకోవాలి. వగానొవా స్వయంగా పెతిపా కాలంలో అందం లేని దేహంగా ముద్రపడినవారు. ఆమె పేరు పెట్టుకున్న బడి ఆ సంగతి మరిచిపోకూడదని నా గట్టి కోరిక.

1931 నుంచి 1937 దాకా ఆమె థియేటర్ బ్యాలే విభాగానికి కళాదర్శకురాలిగా ఉన్నారు. 1933లో స్వాన్ లేక్‌ను, 1935లో ఎస్మెరాల్డాను తనదైన తీరులో మలిచారు. ఆ ఎస్మెరాల్డా కోసం కూర్చిన దయానా, అక్తెయోన్ యుగళం ఇప్పటికీ ప్రపంచంలో ప్రతి బ్యాలే పోటీలో వినిపిస్తుంది, కనిపిస్తుంది. కానీ ఆ పదవి ఆమె జీవితంలో పక్కదారి అనే అనుకుంటాను. అసలు పని 1934లో పుస్తకంగా వచ్చింది. శాస్త్రీయ నాట్య మూలసూత్రాలు అన్నది దాని విషయం, పేరూ దాదాపు అదే. ఏ అడుగు ఎలా మొదలవ్వాలి, ఎక్కడ చెడుతుంది, ఎలా దిద్దాలి అన్నది సాదా భాషలో రాశారు. చివర ఒక నమూనా పాఠం, దానికి పియానో సంగీతం. తన గురించి గొప్పలు అందులో లేవు. ఆ తర్వాతి కూర్పుల్లో ఆమె దాన్ని దిద్దుతూనే వచ్చారు. 1946లో ఇంగ్లీషులోకి వచ్చాక ఆ పుస్తకం సముద్రాలు దాటింది.

నర్తకులను తయారుచేయడం చాలదని ఆమెకు అర్థమైంది. బడిలోనే గురువులను తయారుచేసే విభాగం ఏర్పడింది. నాట్యంలో వెనకబడ్డవాళ్లలో, అనారోగ్యం పాలైనవాళ్లలో కూడా గురువు లక్షణాలను ఆమె కనిపెట్టేవారు. వేరా కొస్త్రొవీత్స్కయా అనే శిష్యురాలు క్షయ వల్ల రంగస్థలం వదలాల్సి వచ్చింది. ఆమె బడిలోనే దశాబ్దాలపాటు నేర్పి, వగానొవా పాఠాలను సంవత్సరాలవారీగా క్రమపరిచి పుస్తకాలు రాశారు. ఆ పుస్తకాలు లేకపోతే గురువు పోయిన తర్వాత పద్ధతి కేవలం జ్ఞాపకంగా మిగిలేది.

యుద్ధం వచ్చింది. లెనిన్‌గ్రాద్‌ను జర్మన్ సేనలు చుట్టుముట్టకముందే బడినీ థియేటర్‌నూ ఉరల్ పర్వతాల వైపు, పెర్మ్ ప్రాంతానికి తరలించారు. తరలివెళ్లిన గురువులు అక్కడా పాఠం ఆపలేదు. తర్వాత పెర్మ్‌లో సొంతంగా ఒక నాట్యపాఠశాల వెలిసింది, అది ఇవాళ రష్యాలోని గొప్ప బడుల్లో ఒకటి. మాస్కోలో కొంతకాలం వగానొవా నేర్పినప్పుడు అక్కడి బొల్షోయ్ థియేటర్ నర్తకి మాయా ప్లిసెత్స్కయా ఆమె తరగతులకు వెళ్లింది. తన దగ్గరికి వచ్చేయమని వగానొవా పిలిచినా తాను వెళ్లలేకపోయినందుకు ప్లిసెత్స్కయా తన ఆత్మకథలో ఎంతో బాధపడ్డారు. ఆ ఆత్మకథ రాసేనాటికి లోకం మెచ్చిన నర్తకి ఆమె. అయినా ఆ కొద్దిరోజుల పాఠం కోసం చివరిదాకా తపించారు.

మగపిల్లల వైపు ఇదే బడిలో ఇంకో గురువు ఉన్నారు, ఆయన పేరు చెప్పకపోతే ఈ ప్రసంగం కుంటిదవుతుంది. అలెక్సాందర్ పూష్కిన్. మహాకవి పేరే, మనిషి వేరు. 1932 నుంచి 1970లో చనిపోయేదాకా నేర్పారు. వగానొవా పదునైతే ఈయన మెత్తన. ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆయన కూర్చిన అడుగుల వరుసలోనే తర్కం ఉండేది, చేస్తూ పోతే ఒళ్లే తప్పు తెలుసుకునేది. 1955లో ఊఫా నుంచి రుదోల్ఫ్ నురెయెవ్ వచ్చాడు. పదిహేడేళ్లు. ఆ బడి లెక్కలో చాలా ఆలస్యం. తలబిరుసు. ముందు చేర్చిన తరగతిలో ఇమడలేదు, పూష్కిన్ దగ్గరికి వచ్చాడు. పూష్కిన్, వగానొవా శిష్యురాలైన ఆయన భార్య క్సేనియా ఆ కుర్రాణ్ణి తమ ఇంట్లోనే ఉంచుకున్నారు, అన్నం పెట్టారు. 1961లో పారిస్‌లో నురెయెవ్ తిరిగి రానని నిలిచిపోయాడు. లెనిన్‌గ్రాద్‌లో గురువు విచారణలు ఎదుర్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలవలేదు. ఆ దెబ్బ తిన్న మనిషి బోధన మానుకోవచ్చు, కొత్త పిల్లలకు మనసు ఇవ్వకుండా ఉండొచ్చు. 1964లో రీగా నుంచి పొట్టిగా ఉన్న ఒక కుర్రాడు వచ్చాడు, రాకుమారుల పాత్రలకు ఎత్తు చాలదని అనుకున్నారు. పూష్కిన్ వాణ్ణి కూడా అంతే ఓపికగా తీర్చిదిద్దారు. ఆ కుర్రాడు మిఖాయిల్ బరీష్నికొవ్.

వగానొవా చివరి తరగతి 1951లో బయటికి వచ్చింది. అందులో ఇరీనా కొల్పకొవా ఉంది. అదే ఏడాది నవంబరు 5న వగానొవా చనిపోయారు. 1957లో బడికి ఆమె పేరు పెట్టారు. శిష్యురాళ్లు ఒక్కొక్కరే నాట్యం మానేశారు, ఒక్కొక్కరే నేర్పడానికి కూర్చున్నారు. ఉలానొవా 1998లో చనిపోయేదాకా బొల్షోయ్‌లో నర్తకులను దిద్దారు. దుదీన్‌స్కయా అదే పాత బడిలో నేర్పారు, 1991లో ఆమె తరగతి నుంచి ఉల్యానా లొపాత్కినా వచ్చింది. సెమ్యోనొవా నూటొక్క ఏళ్లు బతికారు, తొంభై దాటాక కూడా బొల్షోయ్‌లో తరగతి నడిపారు. ఆమె దగ్గర సాధన చేసిన నికొలాయ్ త్సిస్కరీజె ఇప్పుడు వగానొవా పేరున్న ఆ బడికే అధిపతి. కొల్పకొవా న్యూయార్క్ వెళ్లి అమెరికన్ బ్యాలే థియేటర్‌లో చేరారు. ఎనభై దాటిన వయసులో కూడా అక్కడి అమ్మాయిల చేతులను, మెడ వంపును తన చేతులతో సరిచేస్తూ వచ్చారు. 1951లో పద్దెనిమిదేళ్ల పిల్లగా తాను ఏ కారణాలు చెప్పాల్సి వచ్చిందో, ఆ కారణాలను వాళ్లకు వాళ్ల భాషలో చెబుతూ.